నమ్మకానికి పునాది

పరస్పర విశ్వాసం లేనిదే సంఘజీవనం సాగదు. పూర్వం పల్లెల్లో మనిషి మాటే పత్రంగా చెల్లేది. మాట తప్పినవాడు ఊళ్ళో తలెత్తుకొని తిరగలేకపోయేవాడు. అయితే ఆ నమ్మకానికి హద్దులుండేవి. బంధుత్వాన్ని, కులాన్ని, వాడను దాటి అది విస్తరించడం అరుదు.

నేడు భాష, మతం, ప్రాంతం వేరైనవారు ఒకే వీధిలో నివసిస్తున్నారు. పొరుగువారి పేరైనా తెలియని నగరంలో ముఖపరిచయంపై నిలిచిన పాత నమ్మకం చాలదు. వైవిధ్యమే అపనమ్మకానికి మూలమని కొందరి వాదన. అది సరికాదు. అందరికీ సమానంగా వర్తించే నియమం, దాపరికం లేని లెక్క ఉన్నచోట అపరిచితులు సైతం ఒకరినొకరు నమ్ముతారు.

ఇందుకు మహిళా పొదుపు సంఘాలే నిదర్శనం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించగా, 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. సారాకు పోయే రూపాయిని కూడబెట్టడానికి ఆ జిల్లా స్త్రీలు సంఘాలుగా ఏర్పడ్డారు. 1992లోనే నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే పథకాన్ని దేశంలో ప్రారంభించింది. తాకట్టు పెట్టడానికేమీ లేని స్త్రీలకు సంఘమే హామీ అయింది. సమావేశంలో లెక్కల పుస్తకాన్ని అందరి ఎదుట చదువుతారు. ఎవరెంత కట్టారో, ఎంత తీసుకున్నారో అందరికీ తెలుస్తుంది. ఆ సంఘాల బలమంతా అక్కడే ఉంది.

అదే బంధం దుర్వినియోగమైన సందర్భమూ ఉంది. లాభాపేక్షగల కొన్ని సూక్ష్మరుణ సంస్థలు తోటి సభ్యుల చేతనే ఒత్తిడి చేయించి బాకీలు వసూలు చేశాయి. రుణగ్రస్తుల ఆత్మహత్యలు కలవరం కలిగించగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సుతో వాటిని కట్టడి చేసింది. తరువాత ఆ సంస్థలకు వాయిదాల చెల్లింపు దాదాపు నిలిచిపోయింది. వాటినుండి పేదలకు కొత్త అప్పు పుట్టడమూ కష్టమైంది. నమ్మకం చెడితే ఇరుపక్షాలకూ నష్టమే.

కనుక నమ్మకాన్ని బలహీనుల నుండి మాత్రమే ఆశించడం న్యాయం కాదు. అధికారం, ధనం గలవారే ముందుగా తమ లెక్క చూపాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రభుత్వానికి విధించిన కర్తవ్యం ఇదే. ప్రశ్నించే పౌరుని శత్రువుగా చూడక, అడిగినదానికి సకాలంలో బదులిచ్చే వ్యవస్థలే విభిన్న ప్రజలను ఒక్కతాటిపై నిలుపగలవు.