పులికి బుద్ధి నేర్పే పిల్ల

మొన్న వేసవిలో ఆత్మకూరులో మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో చెప్పులు విప్పకముందే లోపల పంచాయితీ వినిపించింది. తొమ్మిది పాసైన అక్కయ్య కూతురు కంప్యూటర్లో పులి-మేక ఆట తయారుచేస్తోందిట!

"ఆడేవాళ్ళే చెడిపోతా ఉంటే ఇది ఆటలు చేసి ఊరందర్నీ చెడగొడతాదంట! పదో తరగతి రాగానే ఆ కంప్యూటర్ అమ్మేస్తా. నువ్వయినా చెప్పమ్మా!" అన్నారు బావగారు.

చెబుదామనే కూర్చున్నాను. తెరమీద ఉదయగిరి కొండ, కోట. 3 పులులు, 15 మేకలు. "పులి మరీ తెలివితక్కువగా ఆడుతోంది పిన్నీ! వారంనించీ దానికి బుద్ధి నేర్పుతున్నా" అంది పిల్ల.

మేక పక్కనే ఉండి, అవతలి చోటు ఖాళీగా ఉంటేనే పులి దూకాలి. ఇలాంటివన్నీ యంత్రానికి ఒక్కొక్కటే విడమరిచి చెప్పాలి. ఒకటి మరిచిపోతే పులి మేకమీంచి మేకమీదికే దూకేస్తుంది. లెక్కల మాస్టారు నేర్పే తర్కం ఇది కాదూ? పైగా ఖర్చు లేదు. ఆ పిల్ల వాడే స్క్రాచ్, అమెరికాలో ఎం.ఐ.టి. వారు 2007లో పిల్లలకోసం ఉచితంగా ఇచ్చింది.

బావగారి భయం ఉత్తిదని అనను. డబ్బొడ్డే ఆటలతో కొంపలు కూలాయి. అందుకే మన రాష్ట్రం 2020లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం తెచ్చింది. అయితే ఆ చట్టమే డబ్బాటల్ని వేరుచేసి, వినోదానికీ చదువుకీ పనికొచ్చే ఆటల్ని ప్రోత్సహించాలంది. చట్టానికి తెలిసిన తేడా ఇంటిపెద్దకి తెలియకపోతే ఎలా? ఆట లోగుట్టు తెలిసిన పిల్ల, ఆశపెట్టి కూర్చోబెట్టే ఆటలకి అంత సులువుగా లొంగుతుందా?

1980లో అమెరికాలో రాబర్టా విలియమ్స్ అనే ఇల్లాలు, ఇద్దరు పిల్లల తల్లి, వంటింటి బల్లమీద 'మిస్టరీ హౌస్' అనే ఆటకి కథ అల్లింది, బొమ్మలు గీసింది. భర్త ప్రోగ్రాం రాశాడు. ఆ ఇంట్లో ఎవరూ కంప్యూటర్ అమ్మేస్తామనలేదు మరి!

అంతదూరం ఎందుకు? ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే ఆడవాళ్ళని పనిమంతులని మెచ్చుకుంటాం. చెక్కతో చేస్తే పనితనం, బుర్రతో చేస్తే పోకిరీతనమా?

నాకు ఈ గొడవ కొత్త కాదు. సీరియల్ నవలలు చదివితే ఆడవాళ్ళు చెడిపోతారన్న రోజుల్లో మా అమ్మ వారపత్రికని బియ్యం డబ్బా వెనక దాచుకుని చదివేది. ఆ అమ్మ కూతురు ఇవాళ నవలలు రాస్తోంది. ఎవరూ చెడిపోలేదు.

వాదించి వాదించి ఆదివారం రెండు గంటలు ఇప్పించాను. చాలదు. చదువుకి లోటు రానంతవరకు, మీ ఇళ్ళలో ఇలాంటి పిల్ల ఉంటే ఆమె పక్కన నిలబడండి. మా అమ్మ పత్రికని దాచుకున్నట్టు ఈ పిల్ల తన పులిని దాచుకునే ఖర్మ రాకూడదు.