చెట్టు కింద చదువు కావాలి

పర్యావరణ పరిరక్షణపై వ్యాసం రాయమంటే మేము పేజీలు నింపేస్తాం. కాలుష్యం రకాలు, కారణాలు, నివారణ చర్యలు అన్నీ కంఠస్థమే. కానీ హాస్టల్ వెనుక ఉన్న చెట్టు పేరు అడిగితే ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. పర్యావరణ విద్యను తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పాఠం వచ్చింది గానీ, అది గది గడప దాటలేదు.

అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం మాడిసన్ నగరంలో 1934లో ఒక వృక్షవనాన్ని ప్రారంభించింది. ఇప్పుడది దాదాపు 1,200 ఎకరాలు. ఒకప్పుడు సేద్యం చేసి వదిలేసిన నేలలో అక్కడి సహజమైన గడ్డిమైదానాన్ని తిరిగి పెంచారు. ఆర్థిక మాంద్యం రోజుల్లో పనిలేని యువకులు అక్కడే శిబిరంలో ఉండి ఆ మొక్కలు నాటారు. అప్పుడప్పుడు నిప్పు పెడితేనే ఆ మైదానం కలుపును తట్టుకుని నిలుస్తుందని ఆ నేలమీద చేసిన ప్రయోగాల్లోనే తేలింది. నేడు బడిపిల్లలు అక్కడికి వచ్చి, నడుస్తూ, చూస్తూ నేర్చుకుంటారు.

మన విశ్వవిద్యాలయాలకు భూమి లేదా? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గుట్టలున్నాయి, చెరువులున్నాయి, నెమళ్లున్నాయి. పక్కనే కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను 2025లో సుప్రీంకోర్టు ఆపించిందని పత్రికల్లో చదివాం. కానీ అలాంటి నేలమీద ఒక అధ్యాపకుని వెంట నడిచిన వాళ్లం మాలో ఎందరం?

మేము ఖాళీ చేతులతో రాము. తంగేడు చెక్కతో తోళ్లు శుద్ధి చేయడం మా తాతలకు తెలుసు. మోదుగ పూలతో రంగు తీయడం మా అమ్మలకు తెలుసు. అది ఎందుకలా జరుగుతుందో విశ్వవిద్యాలయానికి తెలుసు. ఈ రెండు తెలివిడులూ ఒక్కచోట కలవడం లేదు. పైగా ఇంటి దగ్గర నేర్చింది చదువే కాదనుకుని హాస్టల్‌కు వచ్చాక మేమే మరిచిపోతున్నాం. అసలు నష్టం ఇదే.

అందుకే మా కోరిక ఒక్కటే. ప్రతి విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలో కొంత నేలను ఆరుబయటి తరగతిగా కేటాయించాలి. నెలకు ఒక్క ఆదివారమైనా దగ్గరలోని వసతి గృహాల విద్యార్థులను పిలవాలి. బస్సు, భోజనం ప్రభుత్వం చూడాలి. మమ్మల్ని వినేవాళ్లుగానే కాక, చెప్పేవాళ్లుగా కూడా గుర్తించాలి.

వార్షికోత్సవం నాడు ఒక మొక్క నాటి ఫొటో దిగడం సులువే. ఆ మొక్క పేరు, దాని ఉపయోగం, దానిపై వాలే పిట్ట పేరు తెలిసిన రోజునే మేము నిజంగా చదువుకున్నట్టు.