హాలు ఇచ్చి వెనక్కి తీసుకున్న సాహిత్య సంస్థ పాలకవర్గానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాలకవర్గ సభ్యులకు,

క్వీర్ రచయితల సాహిత్య సభకు హాలు ఇస్తామని అడ్వాన్సు తీసుకున్నారు, రసీదు రాసిచ్చారు. తీరా సభ వారం ఉందనగా ఫోన్ చేసి ‘మరమ్మతులు’ అన్నారు. మా సభ జరగాల్సిన ఆదివారమే మీ హాల్లో వేరేవాళ్ల పుస్తకావిష్కరణ ఉందని మర్నాడు ఆహ్వానపత్రం చూశాం. మరమ్మతులు మాకొక్కరికేనా? గట్టిగా అడిగితే మీ కార్యదర్శి గారి నోట అసలు మాట వచ్చింది: "ఇక్కడికి ఫ్యామిలీలు వస్తాయండీ."

మేం మాత్రం ఫ్యామిలీల్లోంచి రాలేదా? కొడుకు రాసిన కథల గురించి మాట్లాడటానికి వరంగల్ నుంచి ఒక అమ్మ రైలు టికెట్ తీసుకుని కూర్చుంది. ఆవిడకు ఏమని చెప్పాలి? పొద్దున కవితలు, ఆ తర్వాత కథలపై చర్చ, మధ్యాహ్నం అనువాదాలు, సాయంత్రం ట్రాన్స్ మహిళల స్వీయకథనాలు. కార్యక్రమ పత్రం ముందే మీ చేతికిచ్చాం. అందులో మీకు అభ్యంతరమైనది ఏది?

మీ గ్రంథాలయంలోనే ‘ఒక హిజ్రా ఆత్మకథ’ ఉంది. అట్ట నలిగిపోయి, కుట్టు ఊడితే టేపు వేశారు. అంతమంది చదివారన్నమాట. తమిళనాడుకు చెందిన రేవతి జీవితాన్ని తెలుగులోకి తెచ్చినందుకు పి. సత్యవతి గారికి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం వచ్చింది. ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టుకున్న మీరు, అలాంటి బతుకునే నేరుగా తెలుగులో రాస్తున్నవాళ్లు వస్తే గుమ్మంలోనే ఆపేస్తారా? సాహిత్య అకాడమీ 2018లోనే కోల్‌కతాలో ట్రాన్స్‌జెండర్ కవుల సమ్మేళనం జరిపింది. ఢిల్లీలో 2019 నుంచి రెయిన్‌బో లిట్ ఫెస్ట్ ఉంది. హైదరాబాదులో ఒక్క ఆదివారానికి చోటు లేదా?

ఇదే ఊళ్లో నిజాం కాలం నుంచి ఒక చట్టం ఉండేది. హిజ్రాలు ఆడబట్టలు కట్టి వీధిలోకి వచ్చినా, నలుగురి ముందు ఆడినా పాడినా వారెంటు లేకుండా అరెస్టు చేయొచ్చనేది. 2023లో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. నలుగురిలో గొంతెత్తే హక్కు మాకు అంత ఆలస్యంగా దక్కింది. దాన్ని మీరు ఒక్క ఫోన్‌కాల్‌తో కాదనేశారు.

కథలు పంపితే ‘మా పాఠకులు ఇంకా సిద్ధంగా లేరు’ అన్న సంపాదకులను చూశాం. వేదిక మీదికి పిలిచి, కవిత వదిలేసి శరీరం గురించి అడిగినవాళ్లనూ చూశాం. ఓపికగానే ఉన్నాం. ఇంకెన్నాళ్లు ఉండమంటారు? మా రాతలు బాగాలేవంటే ఒప్పుకుంటాం, వాదించుకుందాం. చదవకుండానే, వినకుండానే వద్దనడం సాహిత్య సంస్థ చేయాల్సిన పనేనా?

అడ్వాన్సు తిరిగిచ్చినంత మాత్రాన ఇది తీరిపోదు. మీలో రచయితలున్నారు, మంచి పాఠకులున్నారు. ఒకసారి కూర్చుని మనసు పెట్టి ఆలోచించండి. ఆ ఆదివారం సభ జరిగి తీరుతుంది. ఈ లేఖ చదివినవాళ్లంతా వినడానికి రండి.

ఇట్లు,
సభ నిర్వాహకుల తరఫున ఒక కథారచయిత
హైదరాబాదు