బల్లకు ఆవల, ఈవల

కచేరీని చూచి నవ్వుకొనడం ఇప్పుడు సాయంకాలపు వినోదమైనది. టెలివిజన్ తెర మీద గుమాస్తా తడబడతాడు, అధికారి విసుక్కుంటాడు, దస్త్రం మాయమవుతుంది, ఇంటిల్లిపాదీ నవ్వుతారు. మరునాటి ఉదయం ఆ ఇంటి పెద్దయే పొలం కాగితాలను సంచిలో పెట్టుకొని మండల కార్యాలయానికి బయలుదేరుతాడు. ఖమ్మం నుండి సూర్యాపేటకు పోయే దారిలోని కూసుమంచి వంటి మండల కేంద్రంలో ఈ రెండు దృశ్యాలకు మధ్య ఒక్క రాత్రియే ఎడం. రాత్రి నవ్వించిన దస్త్రమే పగలు వరండాలో నిలబెడుతుంది. ఆ నవ్వు ఈ నిరీక్షణకు ఏమైనా తోడ్పడుతున్నదా, లేక దానిని మరపింపజేస్తున్నదా? ఇది విద్యాలయాలలోని వారు ఆలోచింపదగిన ప్రశ్న.

కచేరీ హాస్యం టెలివిజన్‌తో పుట్టినది కాదు. 1836లో రష్యాలో ప్రదర్శితమైన గొగోల్ నాటకం ‘ఇన్‌స్పెక్టర్ జనరల్’లో ఒక చిన్న పట్టణపు ఉద్యోగులు దారిన పోయే యువకుణ్ణి తనిఖీ అధికారిగా భ్రమించి వణికిపోతారు. ఆ వణికినవారిలో పాఠశాలల పర్యవేక్షకుడు కూడ ఉన్నాడు. తనిఖీ వార్త చెవిని పడగానే రిజిష్టర్లు సరిచూసుకొని, పిల్లలకు నమస్కారం నేర్పిన ప్రధానోపాధ్యాయునికి ఆ నాటకం పరాయిది కాబోదు. తెలుగులో 1892లో మొదట ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ వకీళ్లను, హెడ్డు కనిస్టీబును రంగస్థలం మీదికి తెచ్చినది. అధికారపు డాబును చూచి నవ్వగలగడం స్వేచ్ఛకు తొలిమెట్టు అని ఆ రచయితలు ఎరుగుదురు.

టెలివిజన్ విషయానికి వస్తే, 2001వ సంవత్సరం విశేషమైనది. ఆ ఒక్క ఏడే మూడు భాషలలో మూడు ఉద్యోగశాలలు తెరకెక్కినవి. ఇంగ్లండులో రికీ జర్వైస్, స్టీఫెన్ మర్చంట్ సృష్టించిన ‘ది ఆఫీస్’ కాగితాలమ్మే ఒక కంపెనీ కథ. అందులోని పై అధికారి తాను మహా హాస్యప్రియుడనని నమ్ముతాడు. అతని పరిహాసానికి క్రింది ఉద్యోగులు నవ్వక తప్పదు. ఆ నవ్వు వారి జీతంలో భాగం. హిందీలో పంకజ్ కపూర్ నటించిన ‘ఆఫీస్ ఆఫీస్’లో ముసద్దీలాల్ అనే సామాన్యుడు ప్రతివారం ఏదో ఒక కార్యాలయంలో చిన్న పనికై వెళ్ళి బల్లబల్లకూ తిరిగి అలసిపోతాడు. తెలుగులో గుణ్ణం గంగరాజు నిర్మించిన ‘అమృతం’ ఒక హోటలు కథ. అమృతరావు, ఆంజనేయులు అనే ఇద్దరు మిత్రులు వ్యాపారంలో పైకి రావాలని పన్నాగాలు పన్ని, తామే అందులో చిక్కుకొంటారు.

ఇక్కడ ఒక తారతమ్యం గమనింపవలసి ఉన్నది. ఇంగ్లీషు కథలో నవ్వు పై అధికారి మీద పడుతుంది. ‘అమృతం’లో యజమాని తన్ను తానే నవ్వులపాలు చేసుకొంటాడు. ‘ఆఫీస్ ఆఫీస్’లో మాత్రం బల్లకు ఈవల నిలబడినవాని కన్నులతో ప్రేక్షకుడు ఆవలివానిని చూస్తాడు. కూసుమంచి రైతుకు దగ్గరి చుట్టం ముసద్దీలాలే. 2011లో వచ్చిన ఆ కథ చలనచిత్ర రూపంలో అతడు పదవీ విరమణ చేసిన బడిపంతులు. దస్త్రాలలో మరణించినట్లు వ్రాయబడినందున పింఛను నిలిచిపోయి, తాను బ్రతికియున్నట్లు ఋజువు చేసుకొనవలసి వస్తుంది.

దీనిని అతిశయోక్తి అనుకొనడానికి వీలులేదు. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా రైతు లాల్ బిహారీ భూమి దస్త్రాలలో మృతుడై, ఏళ్ల తరబడి పోరాడి, 1994లో గాని బ్రతికినవాడు కాలేదు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు నేటికీ ఏటేటా తాము జీవించియున్నట్లు ధ్రువపత్రం సమర్పించుకోవలసినదే. వేలిముద్రతో ఇంటినుండియే ఆ పని జరిగేందుకు 2014లో ‘జీవన్ ప్రమాణ్’ ఏర్పాటైనది గాని, జీవితమంతా పనిచేసి గీతలరిగిన వ్రేళ్ళను యంత్రం గుర్తించకపోవడమూ కద్దు.

అయితే బల్లకు ఆవల కూర్చున్నవాడు సుఖంగా ఉన్నాడా? ఈ ప్రశ్నను ఇటీవలి హాస్యం అడుగుతున్నది. 2020లో వచ్చిన హిందీ ‘పంచాయత్’ను అనుసరించి, 2025 జనవరిలో తెలుగులో ‘సివరపల్లి’ వెలువడినది. ఇంజనీరింగు చదివి, గత్యంతరం లేక మారుమూల పల్లెకు పంచాయతీ కార్యదర్శిగా వచ్చిన యువకుని కథ అది. తెలంగాణ పల్లెల్లో ఈ పాత్ర కల్పన కాదు. 2018లో 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల పోస్టులకు ప్రకటన వెలువడినది. చేరినవారికి మొదట ఇచ్చిన నెలజీతం 15,000 రూపాయలు. మూడేళ్లన్న పరిశీలన కాలం నాలుగేళ్లయినది. 2023లో సమ్మెకు దిగిన తరువాత గాని క్రమబద్ధీకరణకు దారి ఏర్పడలేదు. నాటిన మొక్కలలో 85 శాతం బ్రతకకపోతే కార్యదర్శి పదవికే ముప్పు అని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం చెప్పుతున్నది. మేకల వెంట పరుగెత్తే కార్యదర్శిని చూచి నవ్వు వస్తుంది. ఆ మేక నోటిలో ఉన్నది అతని ఉద్యోగమని తెలిసినప్పుడు ఆ నవ్వు మారుతుంది.

టెలివిజన్ హాస్యానికి రెండు లోపాలు ఉన్నవి. మొదటిది, అది నిరీక్షణను చూపదు. తెర మీద చిక్కుముడి అరగంటలో విడిపోతుంది. కచేరీ జీవితంలో అసలు కష్టం చిక్కుముడి కాదు. రేపు రమ్మన్న మాట. రెండవది, నియమాన్ని చేసినవాడు తెర మీదికి రాడు. అందువల్ల నవ్వు చేతికందిన చిన్న ఉద్యోగి మీదనే పడుతుంది. 1980వ దశకంలో పట్వారీ వ్యవస్థ పోయినది. తరువాత వచ్చిన గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థ 2020లో రద్దయినది. ఆ సంవత్సరమే ‘ధరణి’ వచ్చినది. 2025లో దాని స్థానంలో ‘భూభారతి’ వచ్చినప్పుడు, ప్రయోగానికి ఎంపికైన నాలుగు మండలాలలో పాలేరు నియోజకవర్గంలోని నేలకొండపల్లి ఒకటి. కూసుమంచి కూడ ఆ నియోజకవర్గంలోనిదే. మనుషులను మార్చినా, యంత్రాలను తెచ్చినా, తన దరఖాస్తు ఏ మెట్టు మీద ఎందుకు ఆగినదో రైతుకు తెలియనంతకాలం సంచి భుజం దిగదు.

పగలంతా అలసినవాడు రాత్రి కాసేపు నవ్వుకొంటే తప్పేమిటని కొందరు అడుగవచ్చును. తప్పు లేదు. కాని ‘కచేరీలు ఇంతే’ అన్న నిట్టూర్పుతో ముగిసే నవ్వు లొంగుబాటుకు మారుపేరు. ‘ఇలా ఎందుకున్నది?’ అన్న ప్రశ్నతో ముగిసే నవ్వు విద్య.

ఈ భేదాన్ని నేర్పగలవాడు ఉపాధ్యాయుడే. ఎందుకంటే అతడు బల్లకు రెండు వైపులా నిలిచినవాడు. ధ్రువపత్రం కోసం వచ్చిన తల్లిదండ్రులకు అతడే కచేరీ. సెలవు మంజూరుకూ బకాయిలకూ తిరిగేటప్పుడు అతడే ముసద్దీలాల్. 2024 నవంబరులో తెలంగాణలో జరిగిన ఇంటింటి సర్వేకు ప్రాథమికోపాధ్యాయులను నియోగించి, బడులను ఒంటిపూట నడిపినారు. పాఠం చెప్పవలసినవాడు పత్రాలు నింపడంలోని హాస్యం అతనికి ఒకరు చెప్పనక్కరలేదు.

పాఠశాల వార్షికోత్సవాలలో లంచగొండి గుమాస్తా ప్రహసనం పరిపాటి అయినది. ఈసారి దానిని కొంచెం మార్చి ఆడించవచ్చును. మొదటి రంగంలో రైతుగా నిలబడిన విద్యార్థిని రెండవ రంగంలో గుమాస్తాగా కూర్చుండబెట్టాలి. అతని ఎదుట నూరు దరఖాస్తులు, ప్రక్కన మోగే టెలిఫోను, పైనుండి రోజుకొక ఉత్తర్వు ఉండాలి. మూడవ రంగంలో రైతు సమాచార హక్కు చట్టం క్రింద ఒక అర్జీ వ్రాయాలి. ఆ చట్టం 2005లో వచ్చినదని, సాధారణంగా 30 రోజులలో సమాధానం ఇవ్వవలసి ఉన్నదని పిల్లలకు అప్పుడే చెప్పవచ్చును. ప్రేక్షకులు నవ్వుతారు. ఇంటికి పోయేటప్పుడు ఆ అర్జీ ఎలా వ్రాయాలో ఏ తండ్రి అయినా కుమారుణ్ణి అడిగితే, ఆ ప్రహసనం సార్థకమైనట్లే.