పాత పత్రికా ఫోటోలు: వెనుకవైపు చూడనిదే బేరం తగదు

బైరెడ్డిపల్లె: చింతపండులో కరిపులి రకానికి ఒక ధర, ఫ్లవర్ రకానికి మరొక ధర పలకడం ఈ ప్రాంత వర్తకులకు కొత్త కాదు. పాత పత్రికా ఫోటోలకు సైతం ఇటువంటి రకాలున్నాయని, వాటి ధరల మధ్య హస్తిమశకాంతరం ఉంటుందని ఎరిగినవారు మాత్రం తక్కువ. కొనేవారికీ, పాత కాగితాల కింద తూకానికి వేసేవారికీ ఈ తేడా తెలియడం అవసరం.

ఈ వ్యాపారం బాగా పెరిగింది అమెరికాలో. మనకు క్రికెట్ ఎలాగో వారికి బేస్‌బాల్ అలాగ. పత్రికలవారు ఆటగాళ్ల ఫోటోలు అచ్చువేసుకున్నాక బీరువాలలో దాచేవారు. కంప్యూటర్లు వచ్చి, పత్రికల రాబడి తగ్గాక ఆ నిల్వలు అమ్మకానికి వచ్చాయి. న్యూయార్క్ పత్రికలో ప్రూఫులు దిద్దుతూ ఫోటోలు తీసిన చార్లెస్ కాన్లన్ నెగటివ్‌లు 2016 వేలంలో 17 లక్షల డాలర్లకు పైగా పలికాయి.

2005లో వెలువడిన ఒక గ్రంథం ఈ సరుకును నాలుగు రకాలుగా విభజించింది. ఫోటో తీసిన సుమారు రెండేళ్లలోపు అసలు నెగటివ్ నుంచి వేసిన ప్రతి మొదటి రకం. అదే నెగటివ్ నుంచి తరువాత వేసినది రెండవది. నకలు నెగటివ్ నుంచి గాని, తంతి ద్వారా గాని వచ్చి రెండేళ్లలోపు అచ్చయినది మూడవది. ఆ తరువాతది నాలుగవది. బొమ్మ ఒకటే, ధర వేరు. రకం తేల్చడానికి ముఖ్య ఆధారం వెనుకవైపు ఉన్న ఏజెన్సీ ముద్ర, తేదీ, అంటించిన వివరాల చీటీ. శుభ్రం చేస్తున్నామనుకుని చీటీ చింపితే సరుకు విలువ తామే చింపుకున్నట్లు.

జాగ్రత్త పడవలసిన విషయం మరొకటి ఉంది. పత్రికల ఫోటో నిల్వలు పెద్దయెత్తున కొన్న అర్కాన్సాస్ వర్తకుడు జాన్ రోజర్స్‌కు, పెట్టుబడిదారులను మోసగించిన నేరానికి 2017లో 12 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2023 జులైలో మదనపల్లె యార్డులో టమోటా కిలో 100 రూపాయలు దాటినప్పుడు పాట అందరి ఎదుటా జరిగింది. ఫోటోలకు యార్డు లేదు, రోజువారీ ధర లేదు. ఇద్దరు కొనుగోలుదారులు పోటీపడిన నాడే ధర. వడ్డీకి తెచ్చిన సొమ్ము ఇందులో పెట్టడం విజ్ఞత అనిపించుకోదు.

ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి 1926లో అనీబిసెంట్‌తో అమెరికా వెళ్లినప్పుడు అక్కడి పత్రికలవారు ఫోటోలు తీశారు. ఆ ఏటి ముద్ర గల ప్రతి మొదటి రకానికి చెందవచ్చు. నకలు నుంచి తరువాత వేసినది ఎంత నిగనిగలాడినా కాదు.

మన ఊళ్లలో పత్రికలకు ఫోటోలు పంపిన స్టూడియోల పెట్టెలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. నెగటివ్‌లు వెండి తీసేవారికి ఇస్తే నాలుగు రూపాయలు రావచ్చు. కానీ ఊరూ తేదీ రాసి ఉన్న పుంగనూరు ఆవు ఫోటో, ఆనాడు ఆ జాతి ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం. సంకర పశువులను పుంగనూరు పేరుతో అంటగట్టే బేరాలలో అటువంటి సాక్ష్యానికి విలువ కట్టలేము.

కాబట్టి పాత ఫోటోలున్నవారు వాటిని కడగరాదు, చీటీలు ఊడదీయరాదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నది తెలిసిన పెద్దలుండగానే అడిగి, వేరే కాగితంపై రాసి జతపరచాలి. కొనేవారు ముందు ఫోటో తిప్పి చూడాలి. సరుకు పరిమితం, గిరాకీ నిదానం. తొందరపడి అమ్మవలసిన పనీ లేదు, ఎగబడి కొనవలసిన పనీ లేదు.