పసరు ఎవరిని బతికించింది?

"ఆయన పసరు పోస్తే చాలండీ, కుక్కకాటు ఇట్టే తగ్గిపోతుంది. వాళ్ల నాన్న కాలం నుంచీ పోస్తున్నారు. ఇప్పటికి ఎన్ని వందలమందికి పోశారో! ఒక్కరికైనా ఏమైనా అయిందా?"

తెలుగునాట ఏ పల్లెకు వెళ్లినా ఈ మాట వినిపిస్తుంది. పట్నాల్లో చదువుకున్నవాళ్ల ఇళ్లలోనూ వినిపిస్తుంది. చెప్పేవాళ్లు అబద్ధమాడటం లేదు. ఆ వందలమందిలో చాలామంది నిజంగానే బతికి ఉన్నారు. పసరు పోసే మనిషి చాలాచోట్ల పైసా పుచ్చుకోడు. తండ్రి నేర్పిన విద్య అనీ, ఊరికి చేసే సేవ అనీ నమ్ముతాడు. కాబట్టి ఆయన మంచిచెడ్డలతో మనకు పని లేదు. తేల్చుకోవలసింది ఒక్కటే: వాళ్లను బతికించింది పసరేనా?

లెక్క ఎక్కడ తప్పింది?

రేబీస్ ఒక వైరస్ వల్ల వచ్చే జబ్బు. ఆ జబ్బున్న జంతువు లాలాజలం గాయంలోకి చేరితే మనకు అంటుకుంటుంది. మన వీధుల్లో కరిచే కుక్కల్లో ఎక్కువ వాటికి ఆ వైరస్ ఉండదు. పిల్లల్ని కాపాడుకోబోయే తల్లికుక్క, తోక తొక్కితే తిరగబడే కుక్క, బండి వెంటపడే కుక్క భయంతోనో కోపంతోనో కరుస్తాయి.

పసరు కోసం వందమంది వచ్చారనుకుందాం. వాళ్లలో తొంభైమందిని కరిచినవి రేబీస్ లేని కుక్కలే అనుకుందాం. ఆ తొంభైమందికి పసరు పోసినా, మజ్జిగ పోసినా, అసలేమీ పోయకపోయినా రేబీస్ రాదు. మిగిలిన పదిమందిలో కూడా అందరికీ జబ్బు రాదు. కాటు ఎంత లోతున దిగింది, ఒంటిమీద ఎక్కడ పడింది, మధ్యలో బట్ట అడ్డం ఉందా, ఆ లాలాజలంలో వైరస్ ఎంత ఉంది అన్నదాన్నిబట్టి కొందరు తప్పించుకుంటారు. ఏ వైద్యమూ లేకపోయినా వందకు తొంభైమందికి పైగా బతికేచోట ఏ మందుకైనా గొప్ప పేరు వస్తుంది. పసరుకున్న పేరు పిచ్చి లేని కుక్కలు తెచ్చిపెట్టింది.

మరి పోయినవాళ్ల సంగతి? వాళ్లు పసరు ఖాతాలోకి ఎక్కరు. కరిచిన మర్నాడే వచ్చే జబ్బు కాదిది. వైరస్ గాయం దగ్గరి నరాన్ని పట్టుకుని మెల్లగా మెదడు వైపు పాకుతుంది. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. ఒక్కోసారి వారంలోపే, ఒక్కోసారి ఏడాది దాటాక కూడా బయటపడుతుంది. ముఖం మీదా మెడ మీదా కరిస్తే మెదడుకు దారి దగ్గర. పిల్లలు పొట్టిగా ఉంటారు కాబట్టి వాళ్లకు అక్కడ కాటు పడే ప్రమాదం ఎక్కువ.

ఈలోగా గాయం మానిపోతుంది. కాటు సంగతి ఇంట్లో అందరూ మరిచిపోతారు. ఒకరోజు ఆ పాత గాయం దగ్గర తిమ్మిరి, మంట మొదలవుతాయి. జ్వరం వస్తుంది. తర్వాత మంచినీళ్ల గ్లాసు నోటి దగ్గరకు తేగానే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి. ఫ్యాను గాలి తగిలినా అంతే. బిగుసుకున్న గొంతులోంచి వచ్చే బొంగురు ధ్వనిని విని "కుక్కలా మొరుగుతున్నాడు" అంటారు. మనిషి కుక్కగా మారడమన్నది ఎక్కడా లేదు. గుటక పడని మనిషి ఊపిరి కోసం పడే యాతన అది. ఈ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. కొన్ని ఇళ్లలో దాన్ని గాలి సోకడం అనుకుని భూతవైద్యుణ్ని పిలుస్తారు. ఎవరికైనా కుక్కకాటు గుర్తొచ్చి పసరు పోసినాయన్ని నిలదీసినా జవాబు సిద్ధంగా ఉంటుంది: "పథ్యం తప్పి ఉంటాడు."

ఈ పథ్యమే అసలు చిక్కు. బతికితే పసరు గొప్ప, పోతే పథ్యంలో లోపం. ఏం జరిగినా తప్పని తేలడానికి వీల్లేని మాటను పరీక్షించేదెలా? హేతువాదం అడిగేది చాలా కొంచెం. మందు వాడినవాళ్లనూ వాడనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూడమంటుంది. బతికినవాళ్లతోపాటు పోయినవాళ్లనూ లెక్కపెట్టమంటుంది. ఆ మాత్రం పరీక్షకు నిలవని మందు చేతిలో బిడ్డ ప్రాణం పెట్టకూడదు.

గాయం మీద కారం

ప్రభుత్వాసుపత్రిలో కుక్కకాటు సూదులు వేసే గది ముందు ఒక పూట నిలబడితే మన నమ్మకాలన్నీ గాయాల మీదే కనిపిస్తాయి. పిక్క మీద రెండు పళ్లు దిగినచోట కారం ముద్ద ఎండి అట్టకట్టి ఉంటుంది. మరొకరికి సున్నం, ఇంకొకరికి కాఫీపొడి. "కారం ఎవరు పెట్టారమ్మా?" అని నర్సు అడుగుతుంది. "మా అత్తగారండీ. మంట పుడితే విషం దిగిపోతుందన్నారు" అని తల్లి చెబుతుంది. నర్సు పిల్లవాణ్ని కుళాయి దగ్గరకు తీసుకెళ్లి, ధార కింద కాలు పెట్టించి, సబ్బు నురగతో ఆ కారమంతా కడుగుతుంది. పిల్లవాడు గోలపెడతాడు. కరిచిన క్షణంలోనే జరగవలసిన పని అన్ని గంటలు ఆలస్యంగా, అంత బాధతో జరుగుతుంది.

కుక్కకాటులో విషమేమీ ఉండదు, దిగడానికి. ఉంటే గింటే వైరస్ ఉంటుంది. దాని చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది. అందుకే కరిచిన వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగమని వైద్యులు చెబుతారు. ఖర్చు లేని ఈ పని ప్రతి ఇంట్లోనూ సాధ్యం. కారం, సున్నం వైరస్‌ను ఏమీ చేయవు. పచ్చి గాయాన్ని ఇంకా రేపుతాయి, కడగవలసిన సమయాన్ని మింగేస్తాయి. కడిగాక అయొడిన్ లాంటి మందు రాయవచ్చు. కట్టు బిగించడం, తొందరపడి కుట్లు వేయించడం మంచిది కాదు.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు

ఆసుపత్రికి వెళ్లడానికి జంకేవాళ్లు చాలామంది చెప్పే కారణం ఈ పద్నాలుగు సూదులే. ఈ భయం ఊరికే పుట్టలేదు. 1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు తొలిసారిగా రేబీస్ టీకా ఇప్పించాడు. మన దేశంలో కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911 ప్రాంతంలో గొర్రె మెదడు నుంచి టీకా తయారుచేశాడు. దాన్ని ఎక్కువ మోతాదులో, రోజుల తరబడి పొట్ట మీద పొడిచేవారు. నొప్పి ఎక్కువ. అరుదుగానైనా కొందరికి నరాలు దెబ్బతిని పక్షవాతం లాంటి ఇబ్బందులు వచ్చేవి. మన తాతలు భయపడ్డారంటే అర్థం ఉంది.

ఆ టీకా వాడకం మన దేశంలో 2005 నాటికి ఆగిపోయింది. ఇప్పటిది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద తయారయ్యే టీకా. వేసేది భుజానికి. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే ఒక్కో చోట 0.1 మిల్లీలీటరు చాలు. మొదటి రోజున, తర్వాత 3, 7, 28 రోజులకు రెండు భుజాలకూ వేస్తారు. సూది తీసేసరికి చర్మం మీద శనగబద్దంత బుడిపె లేస్తుంది, కాసేపటికి అణిగిపోతుంది. రక్తం వచ్చేలా కరిస్తే దీనితోపాటు గాయం చుట్టూ, లోపలా ఇమ్యునోగ్లోబులిన్ వేయాలి. టీకా వల్ల ఒంట్లో రక్షణ తయారుకావడానికి కొన్ని రోజులు పడుతుంది. అంతవరకు గాయం దగ్గరే వైరస్‌ను అడ్డుకునేది ఈ ఇమ్యునోగ్లోబులినే. ముందుగానే పూర్తి కోర్సు వేసుకున్నవాళ్లకు ఇది అక్కర్లేదు. హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) లాంటి చోట్ల ఈ టీకాలు వేస్తారు. భయానికి కారణమైన పాత టీకా పోయి ఇన్నేళ్లయినా భయం మాత్రం మిగలడం విచారకరం. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు కూడా ఈ టీకా వేసుకోవచ్చు. దీనికి పథ్యం లేదు.

మా కుక్క అలాంటిది కాదు

ఇంటి కుక్క మీద ప్రేమ ఉండటం మంచిదే. ఆ ప్రేమ కొన్ని అపోహల్నీ పెంచుతుంది. మొదటిది, పిచ్చికుక్క అంటే చొంగ కారుస్తూ, కనబడ్డవాళ్లనల్లా కరుస్తూ పరుగెత్తేదే అనుకోవడం. రేబీస్ ఇంకో రూపంలోనూ వస్తుంది. కుక్క మూల చేరి ముడుచుకుంటుంది. కింది దవడ వేలాడిపోతుంది. తిండి ముట్టదు, నీళ్లు దిగవు. యజమాని ఏమనుకుంటాడు? గొంతులో ఎముక ఇరుక్కుందనుకుని నోట్లో చెయ్యి పెట్టి వెతుకుతాడు. గేదె మేత మానేసినప్పుడు రైతూ ఇదే పని చేస్తాడు. వేలి మీద చిన్న గీత ఉన్నా చాలు, ఆ లాలాజలం లోపలికి చేరడానికి. ఉన్నట్టుండి మింగలేకపోతున్న జంతువు నోట్లో చెయ్యి పెట్టకూడదు, పశువైద్యుణ్ని పిలవాలి.

రెండో అపోహ, కుక్కపిల్ల పళ్లు దిగితే ఏం కాదన్నది. వైరస్‌కు వయసుతో పనిలేదు. లక్షణాలు బయటపడకముందే కొన్ని రోజులు కుక్క లాలాజలంలో అది ఉంటుంది. కరిచిన కుక్కను పది రోజులు కనిపెట్టి చూడాలనేది అందుకే. అయితే కుక్కను చూస్తూ మన టీకా వాయిదా వేయకూడదు. మొదలుపెట్టి, పది రోజులకూ కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా సంగతి వైద్యుడు చెబుతాడు. పిల్లి కరిచినా, రక్కినా ఇదే పద్ధతి.

శనిదోషం పోవడానికి శనివారం నల్లకుక్కకు రొట్టె పెట్టేవాళ్లను చూస్తుంటాం. పెంపుడు కుక్క మెడకు దిష్టి తగలకుండా నల్లతాడు కట్టేవాళ్లూ ఉన్నారు. ఆకలిగొన్న జంతువుకు తిండి పెట్టడం మంచిపనే, దానికి గ్రహాల సాయం అక్కర్లేదు. ఆ కుక్కకు తాడు వల్ల ఏ రక్షణా రాదు. మూడు నెలల వయసులో రేబీస్ టీకా, తర్వాత బూస్టర్, ఆపైన ఏటా పశువైద్యుడు చెప్పిన ప్రకారం ఒక టీకా వేయిస్తే దానికీ రక్షణ, ఇంటిల్లిపాదికీ రక్షణ.

రేబీస్ ఒక్కటే కాదు. చాలా కుక్కపిల్లలు తల్లి కడుపులోంచే నులిపురుగులతో పుడతాయి. అవి విసర్జించే గుడ్లు మట్టిలో చేరి, అక్కడ ఆడుకునే పిల్లల నోట్లోకి వెళితే పురుగు పిల్లలు కాలేయానికీ కంటికీ కూడా చేరగలవు. దీనికి దిష్టి తీయడం మందు కాదు. కుక్కకు వేళకు పురుగుల మందు, పిల్లలకు చేతులు కడుక్కునే అలవాటు కావాలి. జాతరల్లో మేకనో గొర్రెనో కోసినప్పుడు నీటిబుడగలున్న కాలేయం, ఊపిరితిత్తులు పచ్చిగా కుక్కలకు విసిరే ఆచారం ఉంది. ఆ బుడగల్లోని బద్దెపురుగు కుక్క పేగుల్లో పెరుగుతుంది. దాని గుడ్లు మనిషి లోపలికి చేరితే కాలేయంలో అలాంటి బుడగలే వస్తాయి. కోసిన జంతువులో బుడగలున్న భాగాలను పాతిపెట్టాలి, లేదా బాగా ఉడికించాలి.

ఇంట్లో ఆడపిల్ల నీళ్లోసుకుందనగానే పిల్లిని గోనెసంచిలో వేసి ఊరవతల వదిలేయడమూ ఇలాంటిదే. టాక్సోప్లాస్మా అనే జీవి వల్ల గర్భస్థ శిశువుకు ప్రమాదం ఉన్నమాట నిజం. పిల్లి విసర్జించిన గంటలోనే అది అంటుకోదు; అంటుకునే స్థితికి రావడానికి ఒక రోజైనా పడుతుంది. పిల్లి పెంటను ఇంట్లో మరొకరు రోజూ తీసేస్తే చాలావరకు ముప్పు తప్పుతుంది. సగం ఉడికిన మాంసం, కడగని ఆకుకూరల వల్లా అది వస్తుందన్న సంగతి మాత్రం పిల్లిని తరిమేసిన ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

టీకాతో సాధ్యమని తేలింది

రేబీస్ వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మనుషులకు సోకే రేబీస్‌లో 99 శాతం దాకా కుక్కల నుంచే వస్తుంది. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వాటి మధ్యే జబ్బు గొలుసు తెగిపోతుంది. గోవాలో 2014 నుంచి ప్రభుత్వం, మిషన్ రేబీస్ సంస్థ కలిసి ఊరూరా వీధి కుక్కలకూ పెంపుడు కుక్కలకూ టీకాలు వేశాయి. 2018 నుంచి కొన్నేళ్లపాటు అక్కడ మనిషి రేబీస్ మరణం ఒక్కటీ నమోదు కాలేదు. 2021లో గోవాను రేబీస్ నియంత్రిత ప్రాంతంగా ప్రకటించారు. మనకు ఇందులో కొరత ఏముంది? మనుషులకూ జంతువులకూ రేబీస్ టీకాలు తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ హైదరాబాద్‌లోనే ఉంది.

1976లో రాజ్యాంగంలో చేర్చిన 51ఏ అధికరణం పౌరుల బాధ్యతల్ని చెబుతుంది. అందులో ఒక అంశం జీవుల పట్ల కరుణ చూపమంటుంది. వెంటనే వచ్చే అంశం శాస్త్రీయ దృష్టిని, ప్రశ్నించే తత్వాన్ని పెంచుకోమంటుంది. కుక్కల విషయంలో ఈ రెంటినీ విడదీయకూడదు. కరుణ ఒక్కటే ఉంటే రొట్టె పెట్టి ఊరుకుంటాం. జబ్బు భయం ఒక్కటే ఉంటే కుక్కల్ని చంపమంటాం. రెండూ కలిస్తే టీకా వేయిస్తాం.

పసరు పోసే పెద్దాయనతో కూడా మనం పోట్లాడనక్కర్లేదు. ఊళ్లో కుక్క కరిస్తే జనం ముందు పరుగెత్తేది ఆయన గుమ్మంలోకే. పీహెచ్‌సీ డాక్టరు, ఆశా కార్యకర్త, ఊరి చదువుకున్న పిల్లలు వెళ్లి ఆయనతో కూర్చుని మాట్లాడాలి. "ముందు సబ్బుతో కడుక్కో, ఇవాళే వెళ్లి సూది వేయించుకో" అని ఆయన నోటితో చెబితే జనం మారుమాట్లాడకుండా వింటారు. అప్పుడు ఆయన హస్తవాసి గురించి ఊరు చెప్పుకునే మాట నిజమవుతుంది.