ఒకే గుట్ట, రెండు గుహలు

ముప్పైయేళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. రెండు పిల్లులు, కోతి కథను ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. రొట్టె కోసం పిల్లులు తగవులాడుకోవడం, తీర్పు చెప్ప వచ్చిన కోతి తూకం పేరిట రొట్టెనంతా ఆరగించడం, చివరకు 'తగవు చేటు' అనే నీతి. మా ఇంట రెండు పిల్లులు చేరిన తరువాత గాని, ఆ కథలో నేను చెప్పని నీతి ఒకటి మిగిలి ఉన్నదని తెలిసిరాలేదు.

గౌరి అనే పిల్లి ఆరేళ్ళుగా మా ఇంట్లో ఉన్నది. ఒక వానాకాలపు సాయంత్రం, తడిసి ముద్దయిన మగకూన ఒకటి గుమ్మంలోకి వచ్చింది. జాలిపడి లోనికి తెచ్చి, తిన్నగా గౌరి గిన్నె ముందే దింపాను. కలిసి తింటే కలిసిపోతాయనుకున్నాను. గౌరి అక్షరాలా అటకెక్కింది. రెండు రోజులు ముద్ద ముట్టలేదు. మూడవనాడు దిగివచ్చి నా పుస్తకాల కట్ట మీద మూత్రం పోసింది. "ఒకదాన్ని సంచిలో వేసి ఊరవతల వదలిరండి" అని పొరుగువారు సలహా చెప్పారు. కోపంలో నేనూ సంచి వెదికాను. "మీరు చేసిన తప్పుకు దానికా శిక్ష?" అన్నది మా శ్రీమతి. పశువైద్యుడు మరొక మాట చెప్పాడు: పిల్లి కొన్నాళ్ళపాటు తిండి మానితే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుందట. సంచి పక్కన పెట్టాను. అలా దిక్కులేకుండా వదలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమని కూడా తరువాత తెలిసింది.

నా అభిప్రాయం ఇది: ఇంటి పిల్లుల తగవు చాలావరకు వాటి దుర్బుద్ధి కాదు, మన ఏర్పాటులోని లోపం. మన పిల్లికి మూలం ఆఫ్రికా అడవిపిల్లి. అది సింహాల వలె గుంపుగా వేటాడదు. ఒక ఎలుక ఒక్క పిల్లికే చాలీచాలనిది. ఇక పంచుకొనే అలవాటు ఎక్కడినుండి వస్తుంది? సహపంక్తి భోజనం మనకు మైత్రీచిహ్నం, దానికి మాత్రం ప్రాణసంకటం.

పైగా అరుపులు, రక్కుళ్ళు ఉంటేనే తగవని మనం భ్రమపడతాం. ఒకటి గుమ్మానికి అడ్డంగా కూర్చుని రెప్పవేయక చూస్తుంటే, రెండవది గిన్నె దాకా రాలేక వెనుదిరగడం కూడా తగవే. ఇటువంటి మౌనకలహాన్ని యజమానులు తరచు గుర్తించరని అమెరికాలోని పిల్లుల వైద్యుల సంఘం 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో ఉన్నది.

కథను మళ్ళీ మొదలుపెట్టాను. కూనకు వేరే గది ఇచ్చాను. ఒకదాని చెంపలు తుడిచిన గుడ్డను రెండవదాని పక్కన ఉంచి, వాసనల పరిచయం ముందు జరిపించాను. పిమ్మట మూసిన తలుపుకు ఇరువైపులా తిండి. ఆ తరువాత కాసేపు దూరదర్శనం. నెల పట్టింది. గిన్నెలు ఒకదానికొకటి కనపడని మూలల్లో పెట్టాను. ఇసుకతొట్లు పిల్లుల సంఖ్యకు ఒకటి ఎక్కువ, అంటే మూడు, వేర్వేరు చోట్ల. ఎత్తున రెండు చెక్కలు. బుసకొడితే కసరడం మానాను. కసిరిన భయం ఎదుటి పిల్లి ఖాతాలోనే పడుతుంది. కూన ఎదిగాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి తెచ్చిన రోజున గౌరి దాన్ని ఎరగనట్లే బుసకొట్టింది. అది ఆసుపత్రి వాసన చేసిన పని. ఒక రాత్రి విడిగా ఉంచితే సర్దుకున్నది.

"మన తాతలు పిల్లులకు ఈ రాజభోగాలన్నీ చేశారా?" అని మిత్రులడుగుతారు. చేయలేదు. ఆ పిల్లులకు పెరడు, గడ్డివాము, మిద్దెలు, పొరుగిళ్ళు ఉండేవి. పొసగకపోతే తప్పుకుపోయే దారి ఉండేది. ఇప్పుడు జాలీ తలుపులు బిగించి ఆ దారిని మనమే మూశాము. మూసిన దారికి బదులుగా ఒక మూల, ఒక చెక్క ఇవ్వడం భోగం కాదు, బాకీ తీర్చడం.

ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండి, 2016లో జనగామ జిల్లాలో చేరిన మా పాలకుర్తిలో సోమేశ్వరుడు, లక్ష్మీనరసింహుడు ఒకే గుట్ట మీద వెలిశారు. గుట్ట ఒకటే గాని ఎవరి గుహ వారిది. చిన్ననాటినుండి ఆ మెట్లెక్కుతూ కూడా, ఇంటికి వచ్చిన రెండవ ప్రాణికి రెండవ చోటు కావాలని నాకు తట్టలేదు.

గౌరి, కూన ఇప్పటికీ ఒకదాన్నొకటి పెనవేసుకుని నిద్రపోవు. ఒకే గదిలో చెరొక మూల నిశ్చింతగా నిద్రపోతాయి. అంతకు మించి ఆశించడం మన ముచ్చటే గాని వాటి అవసరం కాదు. మీ ఇంటికి రెండవ పిల్లి వస్తే, తీర్పరులు కాబోకండి. ముందు రెండవ రొట్టె వేయండి. కోతికి పనే ఉండదు.